గుఱ్ఱపు గిట్టల పగుళ్ళు, మూలికాలేపములు: పదవిచారము, ద్రవ్యవిచారము

భారతీయ శాస్త్రవాఙ్మయమున అశ్వశాస్త్రము ఒక ప్రత్యేకశాఖ. శాలిహోత్రుని పేరను, నకులుని పేరను ప్రచారమందున్న గ్రంథములు, జయదత్తుని అశ్వవైద్యకము, అగ్నిపురాణములోని అశ్వచికిత్సాభాగము, చాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసములోని అశ్వవిషయములు ఈ శాఖకు చెందినవి. తెలుగున మనుమంచిభట్టు హయలక్షణవిలాసమును రచించెను. శాలిహోత్ర సంప్రదాయము అనువాదముల ద్వారా టిబెటు భాషలోనికిని, పారసీకములోనికిని ప్రవేశించినది. హిందీ, ఉర్దూ భాషలలో అశ్వవైద్యునికి గల 'సాలోత్రీ' అను పేరు శాలిహోత్ర శబ్దభవమే. ఒక ఋషినామము వృత్తినామముగా మాఱినదనుటను బట్టి ఆ శాస్త్రమునకు దేశమున ఉండిన వ్యాప్తి తెలియుచున్నది.

ఇట్టి గ్రంథములను పరిష్కరించువారికిని, అనువదించువారికిని ఎదురగు చిక్కులలో ఓషధీనామముల చిక్కు ముఖ్యమైనది. కావ్యమున ఒక పుష్పము పేరునకు అర్థము తప్పినచో ఉపమానము చెడును. వైద్యగ్రంథమున తప్పినచో చికిత్స చెడును. ఎండి పగిలిన గుఱ్ఱపు గిట్టకు పూయు లేపము ఈ విషయమును విశదపఱచుటకు తగిన ఉదాహరణము. ఆ లేపము చేయగల పని యేది, చేయజాలని పని యేది, అందలి ద్రవ్యముల పేరులు తెలుగున ఎట్లు తాఱుమాఱగును అను మూడంశములు ఇందు విచారింపబడుచున్నవి.

గిట్టను తెలుపు పదములు

తెలుగున గిట్ట, డెక్క, గొరిజ అను మూడు పదములు ఈ అవయవమును తెలుపును. మొదటి రెండును వాడుకలో నున్నవి. గొరిజ నేడు కావ్యభాషకే పరిమితమైనది. గొరిసె అనునది దాని రూపాంతరము. కన్నడమున గొరసు, తమిళమున కురచ్చై అను పదములు దీనికి జ్ఞాతులు. సంస్కృతమునందలి ఖుర శబ్దముతో వీనికి గల ధ్వనిసామ్యము విచారింపదగినదే యైనను, సామ్యమాత్రమున సంబంధము సిద్ధింపదు.

సంస్కృతమున ఖురమునకు తోడు శఫమను పదము కలదు. ఆవునకు కాళ్ళు నాలుగు, ఒక్కొక్క గిట్టకు చీలికలు రెండు, వెరసి ఎనిమిది. కావున వైదికభాషలో శఫమునకు ఎనిమిదవపాలు అను అర్థము కూడ ఏర్పడినది. గుఱ్ఱము ఏకశఫము. దాని గిట్టకు చీలిక లేదు. నాలుగైదువందల కిలోగ్రాముల దేహభారమును మోయు కాలి చివర ఒక్కటే గోరు ఉన్నది. ఎద్దునకు ఒక చీలిక నొచ్చినచో భారము కొంత రెండవదానిపై మోపవచ్చును. గుఱ్ఱమునకు ఆ అవకాశము లేదు. ఏకశఫమను వ్యాకరణసిద్ధమైన చిన్న పదమున అశ్వవైద్యుని చింత యంతయు ఇమిడియున్నది.

గిట్ట అడుగున మడమవైపునుండి ముందునకు వచ్చు మెత్తని త్రికోణపు ముద్దకు భాషలలో చిత్రమైన పేరులు కలవు. ఆంగ్లేయులు దానిని కప్ప యందురు. గ్రీకు రచయిత జెనోఫోను క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమున వ్రాసిన అశ్వవిద్యాగ్రంథమున దానిని వానకోయిల పేరుతో వ్యవహరించెను. చీలిన తోక ఆకారమును బట్టి ఆ పేరు వచ్చియుండును. నిఘంటువు చేతనుంచుకొని ఇట్టి గ్రంథములను అనువదించువాడు గుఱ్ఱపు కాలిక్రింద కప్పను, పక్షిని కనుగొని విస్తుపోవుట సహజము.

తెలుగునను ఇట్టి ప్రమాదము లేకపోలేదు. 'గుఱ్ఱపుడెక్క' అనగా నేడు చెఱువులను కప్పివేయు నీటికలుపు మొక్క. దక్షిణ అమెరికా జన్మస్థానముగా గల ఆ మొక్క 19వ శతాబ్ది చివరిభాగమున ఈ దేశమునకు వచ్చినది. మూలికల పట్టికలో ఆ పేరు కనబడినప్పుడు అది అవయవమో, మొక్కయో సందర్భమును బట్టియే నిర్ణయింపవలెను.

గిట్ట నిర్మాణము, పగులుటకు హేతువులు

గిట్ట వెలుపలిగోడ మనుష్యుని గోరువలెనే కెరటిన్ అను మాంసకృత్తుతో ఏర్పడినది. అందు రక్తనాళములు లేవు, స్పర్శ లేదు. వెండ్రుకలు ముగిసి గిట్ట మొదలగుచోట వలయాకారమైన సజీవపట్టిక ఒకటి కలదు. గోడ అచ్చటనే పుట్టి క్రిందికి దిగును. నెలకు సుమారు 6 మొదలు 10 మిల్లీమీటర్ల వంతున పెరుగుటచేత, ముందుభాగమున పట్టిక వద్ద పుట్టిన కొమ్ము నేలను తాకుటకు 9 మొదలు 12 నెలలు పట్టును. మడమభాగము పొట్టి గనుక ఇంకను త్వరగా మాఱును. ఏర్పడిన పగులు అతుకుకొనదు. క్రొత్తగోడ దిగివచ్చి పాతదానిని త్రోసివేసినప్పుడే అది పోవును. ఈ విషయమొక్కటి తెలిసినచో అనేక ఔషధప్రశంసలకు గల విలువ తనంత తేలిపోవును.

ఆరోగ్యవంతమైన గోడలో నాలుగవవంతు నీరుండును. అడుగుభాగమున మూడవవంతు, త్రికోణపు ముద్దలో సగము వఱకు ఉండును. ఈ తేమ ముఖ్యముగా లోపలి సజీవధాతువులనుండి వచ్చునది. బయటి పలుచని పొర దానిని ఆవిరి కాకుండ కాపాడును. ఆకురాయితో గోడను మితిమీఱి రాచినప్పుడు ఆ పొర పోవును. గిట్ట తడిసి ఉబ్బి, మరల ఎండి ముడుచుకొని, మరల తడియుచుండినచో కొమ్ము బలహీనమగును. ఎడతెగని ఎండకంటె, ఎడతెగని తడికంటె, ఈ రెంటి మార్పిడియే ఎక్కువ హానికరము. గిట్ట సకాలమున చెక్కబడక ముందునకు సాగినప్పుడు అడుగడుగునకు గోడపై లాగుడు పడి నేలవైపునుండి నిలువుపగులు పుట్టును. పట్టికకు గాయమైనచో పగులు పైనుండి క్రిందికి దిగును. ఈ రెండవది కష్టసాధ్యము.

చరిత్రలో గిట్ట విలువ

దక్షిణదేశమున ఈ వ్యాధివిచారము రాజ్యవ్యవహారముతో ముడివడియుండెను. మేలుజాతి గుఱ్ఱములు అరేబియా, పారసీక తీరములనుండి ఓడలలో వచ్చుచుండెను. 13వ శతాబ్ది చివర తూర్పుతీరమును, మోటుపల్లి రాజ్యమును వర్ణించిన మార్కోపోలో, దక్షిణమున మాబారునకు దిగుమతియైన గుఱ్ఱములు సరియైన పోషణ లేక విస్తారముగ మరణించుచుండెనని వ్రాసెను. గుఱ్ఱములు చచ్చినకొలది తమ వ్యాపారము సాగునని వర్తకులు అశ్వవైద్యులను ఆ దేశమునకు రానీయలేదని కూడ ఆతడు చెప్పెను. 16వ శతాబ్దివాడగు పోర్చుగీసు వర్తకుడు నూనిజు, సాళువ నరసింహరాయలు గుఱ్ఱములను చచ్చినవానితో సహా కొనెననియు, సముద్రముపై చనిపోయిన గుఱ్ఱమునకు తోకను తెచ్చి చూపిన చాలుననియు వ్రాసెను. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతిభాగమున, ఏనుగులను గుఱ్ఱములను తెచ్చు విదేశీయవర్తకులను ఆదరింపవలెనని చెప్పుట ఈ నేపథ్యమున అర్థవంతమగుచున్నది.

ఎడారి పొడినేలపై పెరిగిన గిట్ట, తీరదేశపు వానకాలపు బురదలోను, వెంటనే వచ్చు మండువేసవిలోను నిలువవలసివచ్చెను. పైని చెప్పిన తడి, పొడి మార్పిడికి ఇంతకంటె తగిన స్థలము లేదు. ఇట్టి గుఱ్ఱమునకు కాలు చెడినచో ధనము, సైన్యము రెండును చెడును. కౌటిల్యుని అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షప్రకరణము వైద్యునికి ఋతువుననుసరించి ఆహారము మార్చు బాధ్యతను అప్పగించినది. చికిత్స ఆలస్యమై రోగము ముదిరినచో చికిత్సావ్యయమునకు రెట్టింపు, వైద్యాపరాధముచే కీడు కలిగినచో గుఱ్ఱము వెల దండముగా విధించినది.

లేపము, దాని ద్రవ్యములు

రూక్షమైన పాదము పగులుటను సుశ్రుతసంహిత పాదదారి యను పేరుతో క్షుద్రరోగములలో చెప్పినది. ఎక్కువగా నడచువారికి వాతముచే అది కలుగునని నిదానము. దానికి చెప్పబడిన లేపమున మైనము, వస, మజ్జ, సర్జరసము, నేయి, యవక్షారము, గైరికము కలవు. ఇది మనుష్యునికి చెప్పినది. అయినను దీని కూర్పు గిట్టకు వాడు లేపముల సూత్రమును చక్కగా తెలుపుచున్నది. క్రొవ్వు కొమ్మును మెత్తపఱచును. మైనము తేమను లోపల నిలుపును. చెట్టుబంక గట్టిపడి నీటిని వెలుపల ఆపును. పాశ్చాత్యులు దేవదారుజాతి వృక్షముల తారును క్రొవ్వుతో కలిపి గిట్టలకు పూయుటలోను ఈ సూత్రమే కలదు.

ఇచ్చటనే పదముల చిక్కు ఆరంభమగును. సర్జరసమనగా సాలవృక్షపు బంక. తెలుగున దానికి గుగ్గిలమని పేరు. సంస్కృతమున గుగ్గులు అను మఱియొక ద్రవ్యము కలదు. అది రాజస్థాన, గుజరాతు ప్రాంతముల మెట్టనేలలలో పెరుగు ముండ్లపొద నుండి వచ్చునది. తెలుగు వైద్యులు దానిని మహిసాక్షి యందురు. శబ్దసామ్యముచే గుగ్గిలమును గుగ్గులుగా భావించుట సులభము. కాని గుణములు వేఱు. సాలపు బంక నీటిలో కరగదు, వేడి నూనెలో కలిసి చల్లారినప్పుడు గట్టిపొరగా నిలుచును. మహిసాక్షిలో జిగురుపాలు గలదు గనుక కొంత నీటిలో కలిసిపోవును. వానకాలమున తడిని ఆపవలసిన లేపమున మొదటిదానికి బదులు రెండవది వేసినచో లేపము ఉద్దేశము నెఱవేఱదు. దోషము వైద్యునిది కాదు, అర్థము వ్రాసినవానిది.

రెండవ ఉదాహరణము గోరింట. గోరింటాకులోని రంగుపదార్థము కెరటిన్‌తో గాఢముగ కలియును. అందుచేతనే గోళ్ళపై దాని రంగు గోరు పెరిగి పోవువఱకు ఉండును. దీనికి వగరుగుణము కలదు. ములుగోరింట పేరున దీనిని పోలినను వేఱొక కుటుంబపు మొక్క. పసుపుపచ్చని పూలు, ముండ్లు కలిగియుండును. దాని ఆకురసమును బొంబాయి ప్రాంతపు జనులు వానకాలమున పాదములు నాని పగులకుండుటకై పూసికొనుట 19వ శతాబ్ది చివరి ఓషధీగ్రంథములలో నమోదైనది. ఒకటి రంగునకు, మఱియొకటి నానుడు పగుళ్ళకు ప్రసిద్ధము. 'గోరింట' అని మాత్రమే వ్రాసి విడిచిన పాఠమున వీనిలో ఏది ఉద్దిష్టమో నిర్ణయించుట పరిష్కర్త బాధ్యత.

మూడవది అవిసె. అవిసెగింజలు అతసి. వానినుండి తీసిన నూనె గాలి తగిలినప్పుడు ఆఱి పొరకట్టును. ఉడికించిన గింజలు గుఱ్ఱమునకు మేతలో కలుపుదురు. పచ్చిగింజలలో సయనైడును పుట్టించు ద్రవ్యములు కలవు గనుక బాగుగ ఉడికింపవలెను. అవిసెచెట్టు అనగా అగస్త్యవృక్షము. దాని పూవు, ఆకు కూరకు వచ్చును. ఒకే పేరు ఒకచోట గింజకు, ఒకచోట చెట్టునకు వర్తించుటచే 'అవిసె' అను ఒంటిపదము అర్థమున సందిగ్ధము.

నాలుగవది జీడి. ఇందు పొరపాటు ప్రమాదకరము. ప్రాచీనగ్రంథములలోని భల్లాతకము నల్లజీడి. చాకలివారు బట్టలపై గుర్తు వేయుటకు వాడునది ఇదియే. నేడు జీడి అనగానే స్ఫురించు జీడిమామిడి పోర్చుగీసువారి వెంట బ్రెజిలునుండి 16వ శతాబ్దమున వచ్చినది. కావున అంతకు పూర్వపు గ్రంథమున అది యుండుటకు వీలులేదు. రెండింటి పెంకునూనెయు చర్మమును పొక్కించును. గిట్ట పైపట్టికను ఇట్టి నూనెతో పొక్కించినచో గోడ పుట్టుచోటే చెడును.

వేపనూనె, కానుగనూనె, పసుపు అను ద్రవ్యములపట్ల నామసందేహము లేదు. ఇవి సూక్ష్మజీవులను కొంత అణచును గనుక పైపై పగుళ్ళలో మురుగు చేరకుండుటకు తోడ్పడును. నువ్వులనూనె, ఆముదము లేపమునకు ఆధారద్రవ్యములు. ఒక పాలు మైనమునకు ఐదాఱుపాళ్ళ నువ్వులనూనె చేర్చి, నేరుగా మంట తగులకుండ వేడినీటి పాత్రలో కరగించుట సంప్రదాయసిద్ధమైన పాకము. వేసవిలో లేపము జాఱిపోకుండ మైనము పాలు పెంపవలెను.

ప్రయోగము, దాని అవధి

లేపము పూయుటకు కాలము ముఖ్యము. పొడికాలమున గిట్టను కడిగి, పైనీటిని తుడిచి, తేమ ఇంకను ఉండగనే పలుచగా పూయవలెను. అప్పుడు లేపము ఆ తేమను నిలుపును. ఎండిపోయిన గిట్టపై పూసినచో ఎండుదనమునే మూసియుంచును. వానకాలమున ఇందుకు విపరీతము. గిట్టను పూర్తిగా ఆఱనిచ్చిన పిదపనే పూయవలెను. పైపట్టికపై వ్రేళ్ళతో మెల్లగా మర్దించుట మేలు. లోతైన పగులులో మురుగు ఉన్నప్పుడు మైనముతో మూయరాదు. గాలి తగులని చోట పెరుగు సూక్ష్మజీవులకు అది ఆశ్రయమగును. గుఱ్ఱములకు ధనుర్వాతము త్వరగా సోకును గనుక, రక్తము కాఱు పగులునకు లేపముతో తృప్తిపడక పశువైద్యుని చూపి టీకా విషయము విచారింపవలెను. కుంటుచున్న గుఱ్ఱమునకు, గిట్ట వెచ్చబడినదానికి మూలికాలేపము చికిత్స కాదు.

లేపము గిట్టను పోషింపదు. చచ్చిన కొమ్ము ఆహారము తీసికొనదు. పోషణ మేతనుండి, రక్తముద్వారా, పైపట్టికకు చేరవలెను. లిపిజానరు జాతి గుఱ్ఱములపై జరిగి 1995లో ప్రకటితమైన పరిశోధనలో, దినమునకు 20 మిల్లీగ్రాముల బయోటిన్ అను విటమిను ఇచ్చినప్పుడు కొమ్ము నాణ్యము మెఱుగైనది. ఆ మెఱుగు కానవచ్చుటకు తొమ్మిదినెలలు పట్టినది. గిట్ట పెరుగు వేగమును ఎఱిగినవారికి ఇందు ఆశ్చర్యము లేదు. గంధకముగల ఆమ్లములు, జింకు కూడ కొమ్ము నిర్మాణమునకు అవసరములు. దక్షిణదేశమున ఉడికించిన ఉలవలు, పచ్చగడ్డి గుఱ్ఱములకు వాడుక మేత. ఆఱు మొదలు ఎనిమిది వారముల కొకసారి గిట్టను చెక్కించుట, ప్రతిదినము అడుగును శుభ్రపఱచుట, బురదలేని నిలుకడ కల్పించుట అను మూడింటి తరువాతనే లేపము లెక్కకు వచ్చును. జెనోఫోను గిట్టల గట్టిదనమునకై గుఱ్ఱము నిలుచు చోట గుండ్రని ఱాళ్ళు పఱపుమని చెప్పెను గాని లేపముతో సరిపెట్టలేదు.

ఇట్లు పరిమితి తెలిసికొన్నంతమాత్రమున లేపము వ్యర్థమనరాదు. పాతగోడ పడిపోయి క్రొత్తగోడ దిగివచ్చు తొమ్మిది, పండ్రెండు నెలలు గుఱ్ఱము ఆ పాతగోడపైననే నడువవలెను. అంతకాలము పగులు పెరుగకుండ నిలుపుట లేపము పని. అది కావలివాని పని వంటిది. పంట పండించుట కావలివాని పని కాదు.

ఉపసంహారము

2019 నాటి ఇరువదవ పశుగణనలో దేశమున గుఱ్ఱములు, తట్టువలు కలిసి 3.4 లక్షలుగా లెక్కింపబడినవి. 2012 గణనతో పోల్చినచో ఇది 45.6 శాతము తగ్గుదల. గుఱ్ఱముతో పాటు దాని పరిచారకుల భాషయు తగ్గుచున్నది. లాడము కొట్టువానికి పారసీకమునుండి వచ్చిన 'నాల్బందు' అను పేరు, గిట్ట భాగములకు వారు వాడు పేరులు, పగుళ్ళ భేదములకు వారు చేయు విభాగములు చాలవఱకు నిఘంటువుల కెక్కలేదు. బండిగుఱ్ఱములను, పెండ్లిఊరేగింపుల గుఱ్ఱములను సాకువారి నోట నున్నంతవఱకే అవి నిలుచును.

కావున అశ్వశాస్త్రగ్రంథములను పరిష్కరించువారు రెండు పనులు చేయదగియున్నవి. ఓషధీనామమునకు పర్యాయపదము వ్రాసి ఊరకొనక, మొక్క శాస్త్రీయనామమును, వాడిన భాగమును, పేరు వాడుకలోనున్న ప్రాంతమును కూడ తెలుపవలెను. రెండవది, వ్రాతప్రతిని చదువునప్పుడు గుఱ్ఱములను సాకువారిని కూడ విచారింపవలెను. గ్రంథమున అస్పష్టమైనది వారి చేతిపనిలో స్పష్టమై యుండవచ్చును.

తప్పు చేసిన అశ్వవైద్యుడు గుఱ్ఱము వెల చెల్లింపవలెనని కౌటిల్యుడు విధించెను. తప్పు అర్థము వ్రాసిన వ్యాఖ్యాతకు ఆతడు ఏ దండమును విధింపలేదు. అయినను ఆ తప్పునకు వెల చెల్లించునది గుఱ్ఱమే గనుక, గుగ్గిలమునకును గుగ్గులునకును గల భేదము భాషాపండితుడు చిన్నదిగా ఎంచదగినది కాదు.